రుషికుల్య మొగా, చిలికా ఇసుక దిబ్బా, సోనాపురమా: బైక్ మీద ఒక్కరోజుకి ఏది మేలు?

బరంపురంలో ఉండే మనకి సముద్రం అనగానే గోపాల్‌పూరే గుర్తొస్తుంది. 16 కిలోమీటర్లు, అరగంట ప్రయాణం, గట్టు మీద కూర్చుని ఏదో ఒకటి తిని చీకటి పడేసరికి ఇల్లు చేరిపోతాం. అలా కాకుండా గట్టూ దీపాలూ తోపుడుబళ్లూ ఏవీ లేని ఒడ్డు కావాలనుకుంటే, ఒకపక్క సముద్రం ఇంకోపక్క నిలకడ నీళ్లు ఉండి మధ్యలో సన్నటి ఇసుక దిబ్బ మీద నిలబడాలని ఉంటే, మనకి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే దూరంలో మూడు చోట్లున్నాయి. మూడింటికీ బైక్ మీద వెళ్లొచ్చాను, కొన్నిటికి రెండు మూడుసార్లు కూడా. ఏది మేలని అడిగితే నా జవాబు రుషికుల్య మొగ, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోటు. కాకపోతే ఏ నెలలో వెళ్తున్నారు, బండి ఎక్కడ ఆపుతారు అని అడిగాకే ఆ మాట చెప్తాను.

ముందు ఒక సంగతి. మన తీరంలో అలలు ఇసుకని దక్షిణం నుంచి ఉత్తరానికి మోసుకుపోతూ ఉంటాయి. నది సముద్రంలో కలిసే చోట ఆ ఇసుక నాలుకలా సాగి మొగని ఉత్తరానికి నెడుతుంది, తర్వాత ఏ వరదో తుఫానో వచ్చి దిబ్బని తెంపితే మొగ ఇంకోచోట పడుతుంది. 2013 అక్టోబర్‌లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది కదా, ఆ తర్వాత వెళ్తే నాకు తెలిసిన ఒడ్డు గుర్తుపట్టలేకపోయాను. కాబట్టి పోయినేడు స్నేహితుడు నడిచిన దారి ఈ ఏడు ఉంటుందని అనుకోవద్దు, ఫోన్‌లో మ్యాప్ చూపించే ఒడ్డునీ నమ్మొద్దు. ఊళ్లో అడగాల్సిందే. అడగడానికి భాష ఇబ్బంది కూడా లేదు. ఈ ఒడ్డున వేటకెళ్లే వాళ్లలో చాలామంది మన తెలుగువాళ్లే, ఒడియా వాళ్లు నోలియాలని పిలిచేది వీళ్లనే.

చిలికా దగ్గర మొదలుపెడతాను, అసలైన దిబ్బ అదే కాబట్టి. సరస్సుకీ సముద్రానికీ మధ్య పదుల కిలోమీటర్ల పొడవున ఇసుకే గోడలా పరుచుకుని ఉంటుంది. బరంపురం నుంచి ఛత్రపురం, గంజాం మీదుగా హుమ్మా చేరి అక్కడ ఉప్పుమడుల పక్క నుంచి పాలూరు వైపు తిరగాలి. పాలూరు చిన్న ఊరే కానీ రెండో శతాబ్దంలో గ్రీకు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ రాసిన పలూరా రేవు ఇదేనని చరిత్రకారులు చాలామంది అంటారు. అక్కడి నుంచి మాలుద్ మీదుగా జన్హికుడ దాకా రోడ్డు, అది చాలా అందంగా ఉంటుంది. ఒకపక్క సరస్సు, ఇంకోపక్క సరుగుడు తోటల వెనక సముద్రం హోరు. జన్హికుడలో బండ్లని ఎక్కించుకునే పంటు ఉంది, అది అవతల సాతపడాలో దింపుతుంది. సాతపడాలో పడవ మాట్లాడుకుంటే ఐరావతి డాల్ఫిన్లు తిరిగే నీళ్ల మీదుగా మొగ దాకా, రాజహంస దిబ్బ దాకా తీసుకెళ్తారు.

2000 సెప్టెంబర్‌లో సాతపడాకి దగ్గర్లో కొత్త మొగ తవ్వారు. అంతకుముందు పాత మొగ పూడిపోయి, సరస్సులో ఉప్పు తగ్గి, నాచూ కలుపూ పెరిగి, చేపలు పడక జాలర్లు అల్లాడిపోయారు. 1981 నుంచి రామ్‌సర్ జాబితాలో (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అది) ఉన్న చిలికాని 1993లో ప్రమాదంలో ఉన్న చిత్తడి నేలల పట్టికలో చేర్చారు. మొగ తవ్వాక ఉప్పునీళ్లు లోపలికి వచ్చి చేపలు కోలుకున్నాయి, 2002లో ఆ పట్టిక నుంచి తీసేశారు. దిబ్బ మీద నిలబడి పోటు లోపలికి దూసుకెళ్తుంటే చూస్తే ఈ కథంతా కళ్లముందే జరుగుతున్నట్టు ఉంటుంది. దీనికోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు అనిపించింది నాకు.

కానీ ఒక్కరోజుకి చిలికా కుదరదు. పొద్దున ఐదింటికి బయలుదేరాం నేనూ మా బావమరిదీ, పంటు కోసం ఎదురుచూపు, పడవ బేరం, ఆ పడవలో రానూ పోనూ గంటలు, చివరికి దిబ్బ మీద ఉన్నది నలభై నిమిషాలు. అందులో కూడా సగంసేపు ఆల్చిప్ప పగలగొట్టి ముత్యం చూపించి కొనమని వెంటపడేవాళ్లతోనే సరిపోయింది (కొనకండి, ఆ ముత్యం ఆ చిప్పలో పుట్టింది కాదు). తిరుగు పంటు దొరుకుతుందా లేదా అని ఒకటే టెన్షన్. "బావా, ఇంకాసేపు ఉందాం" అని వాడు అంటుంటే లాక్కొచ్చాను. సాతపడాలో ఒక రాత్రి ఉండగలిగితే చిలికాని మించింది లేదు. ఉండలేకపోతే పాలూరు దాటి మాలుద్ రోడ్డు మీద కాసేపు తిరిగి, సరుగుడు తోటల్లో కూర్చుని అన్నం తిని వెనక్కి రండి, సగం ఆనందం అక్కడే ఉంది.

సోనాపురం దీనికి పూర్తిగా వ్యతిరేకం. బరంపురం నుంచి ఇచ్ఛాపురం వైపు హైవే మీద పోయి సముద్రం వైపు తిరగడమే, మొత్తం సుమారు 30 కిలోమీటర్లు, బాహుదా నది కలిసే చోటు. మేం వెళ్లినప్పుడు మొగ నీళ్లని చిన్న పడవలో దాటి అవతలి ఇసుక మీద దిగాం. పదింటికల్లా చూడాల్సింది అయిపోయింది. సైకిల్ తొక్కే వాళ్లకి మూడింట్లో ఇదే సరి, చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకీ ఇదే సరి. శుభ్రమైన ఇసుక, తక్కువ జనం, దూరం లేదు. అంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మంచి చోటే, కానీ ఇంటికొచ్చాక మనసులో తిరిగే చోటు కాదు.

రుషికుల్య మాత్రం ఇంటికొచ్చాక కూడా మనసులో తిరుగుతుంది. గంజాం దగ్గర హైవే మీద వంతెన దాటగానే కుడివైపు పురుణబంధ, గోఖర్‌కుడ, పొడంపేట దారులు. బరంపురం నుంచి గంటంబావు. వానాకాలంలో అయితే దారిపొడవునా మొగలి పొదల వాసన, గంజాం మొగలి పువ్వుకి దేశమంతా పేరుంది కదా. ఇసుకలో నల్లటి చారలు కనిపిస్తే మురికి అనుకోకండి, అవి ఇల్మెనైట్ లాంటి బరువు ఖనిజాలు, ఛత్రపురం దగ్గర ఫ్యాక్టరీ ఉన్నది వాటికోసమే. ఎండ ఎక్కాక ఆ నల్ల ఇసుక మీద చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేరు.

పొడంపేటలో చూడాల్సింది ఇంకొకటి ఉంది, అది మాత్రం అందమైన దృశ్యం కాదు. ఆ ఊళ్లో చాలా భాగాన్ని సముద్రం తినేసింది, జనాన్ని వేరేచోటికి తరలించారు. విరిగిన గోడలు, అడుగు ఇసుకలో కూరుకుపోయిన గుమ్మాలు ఇంకా ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దావిడ దగ్గర నీళ్లు అడిగితే చెంబుతో ఇచ్చి, నీళ్ల వైపు చెయ్యి చాపి "అదిగో బాబూ, ఆ అల ఇరుగుతంది సూడు, అక్కడే మా వంటిల్లు" అంది. నేను చూసిన చోట నురగ తప్ప ఏమీ లేదు. ఆవిడ మళ్లీ వల చేతిలోకి తీసుకుంది.

ఇక తాబేళ్లు. ఈ ఒడ్డున ఆలివ్ రిడ్లేలు గుంపులుగా గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలకి తెలిసింది 1994లోనే. సాధారణంగా ఫిబ్రవరి, మార్చిలో వస్తాయి, కొన్నేళ్లు గుంపుగా రావు కూడా. 2023లో 6 లక్షలకు పైగా వచ్చాయి. ఒక్కోటి వెనక కాళ్లతో గొయ్యి తవ్వి వంద దాకా గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్లిపోతుంది, నెలన్నర దాటాక పిల్లలు బయటికొస్తాయి. ఆ రోజుల్లో అటవీశాఖ వాళ్లు వలకంచె కడతారు, లోపలికి ఎవరినీ వెళ్లనివ్వరు. వెళ్లనివ్వకపోవడమే న్యాయం.

ఒక ఏప్రిల్‌లో తెల్లవారుజామున కంచె బయట నిలబడి ఉన్నాను. ఎవరో ముందురోజు బైక్‌ని ఇసుక మీదకి ఎక్కించారు, టైరు గాడి నాలుగు వేళ్ల లోతు ఉంటుంది. అందులో ఒక తాబేలు పిల్ల పడింది. బిస్కెట్ కంటే పెద్దది కాదు. గాడి ఎక్కలేక సముద్రానికి అడ్డంగా ఆ గాడి వెంబడే పోతోంది, ఆగుతుంది, తల ఎత్తుతుంది, మళ్లీ పోతుంది. ఇవతల కాకులు. నేను వంగబోతే కాపలా ఉన్న కుర్రాడు "ముట్టుకోకన్నా, గాడి చెరిపితే అదే పోద్ది" అని కాలితో పక్క ఇసుక నెట్టి వాలుగా చేశాడు. పిల్ల వాలు ఎక్కి అలల వైపు తిరిగింది. నీళ్లు చేరడానికి ఎంత సేపు పట్టిందో గడియారం చూడలేదు, మేమిద్దరం మాత్రం కాకుల్ని అదిలిస్తూ అది కనబడకుండా పోయేదాకా అక్కడే ఉన్నాం.

అందుకే బండి ఎక్కడ ఆపుతారని అడిగేది. ఇసుక మీద బండి నడిపిన వీడియో కోసమే వెళ్లేవాళ్లుంటే దయచేసి ఈ మూడింటికీ వెళ్లొద్దు. బండి ఊళ్లోనే ఎవరింటి ముందో అడిగి ఆపండి, అక్కడి నుంచి నడవండి. తాబేలు పిల్లలు బయటికొచ్చే రోజుల్లో చీకట్లో ఫోన్ లైటు కూడా వెయ్యొద్దు, అవి వెలుగున్న వైపే సముద్రం అనుకుని వెనక్కి నడుస్తాయి.

నెలల సంగతి ఇంతే: తాబేళ్ల కోసమైతే ఫిబ్రవరి నుంచి మే మొదటివారం దాకా, ముందు ఊళ్లో కనుక్కుని, కంచె బయట నుంచి. ఊరికే ఒడ్డు మీద రోజంతా గడపాలంటే నవంబర్ చివర నుంచి జనవరి, అప్పుడు గాలి చల్లగా, మొగ దగ్గర వలస పక్షులు కూడా ఉంటాయి. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు ఈ మూడు చోట్లా నీళ్లలో దిగొద్దు, మిగతా నెలల్లో కూడా మొగ దగ్గర దిగొద్దు. పాటు వేళ నీళ్లు సముద్రంలోకి వెనక్కి లాగేటప్పుడు మోకాలి లోతులో ఉన్న మనిషిని కూడా లాగేస్తాయి.

పెట్రోలు ఛత్రపురంలో కొట్టించుకోండి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు, పెరుగన్నం కట్టుకోండి, కొట్లు ఉంటాయన్న ధీమా వద్దు. ఇంటికి రాగానే అలసిపోయినా సరే బండిని, ముఖ్యంగా చైన్‌ని, మంచినీళ్లతో కడిగి నూనె వెయ్యండి. ఈసారి డిసెంబర్‌లో నేను మళ్లీ రుషికుల్యకే వెళ్తున్నాను, పొడంపేటలో ఆ పెద్దావిడ ఉంటే చూసి రావాలి.