ఎంసీఏ వంద రూపాయల డాక్యుమెంట్ సేవ: వాటా కొనేముందు కంపెనీ పన్ను లెక్క ఎంతవరకు తేలుతుంది?

గుంటూరు కోల్డ్ స్టోరేజీలోనో, విజయవాడ ఆటోనగర్‌లోని ఫ్యాక్టరీలోనో వాటా తీసుకోవాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఏడాదికి ఎంత మిగులుతుందని. ఆ మిగిలినదాని మీద పన్ను ఎంత కట్టారు, తక్కువ కడితే ఎందుకు తక్కువైంది అని అడిగేవాళ్లు తక్కువ. ధర తేలేది ఈ రెండో ప్రశ్న దగ్గరే. కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (ఎంసీఏ) పోర్టల్లో కంపెనీకి 100 రూపాయలు కడితే దానికి జవాబులో సగం దొరుకుతుంది. మిగతా సగం అమ్మేవాళ్ల నుంచే రావాలి. ఈ సేవకు మా రేటింగ్ 5కి 3.5. ఆ ఒకటిన్నర ఎందుకు తగ్గించామో కింద చూడండి.

ముందు ఉచితంగా దొరికేవి. పోర్టల్లో కంపెనీ మాస్టర్ డేటా, బ్యాంకులకు తాకట్టు పెట్టిన ఆస్తుల జాబితా (ఇండెక్స్ ఆఫ్ ఛార్జెస్) డబ్బు కట్టకుండానే చూడొచ్చు. వెతికేటప్పుడు పేరుతో కాకుండా 21 అక్షరాల కంపెనీ గుర్తింపు సంఖ్య సీఐఎన్‌తో వెతకండి. ఒకే ఇంటిపేరుతో, ఒకే దేవుడి పేరుతో మన జిల్లాల్లో కంపెనీలు డజన్ల కొద్దీ ఉంటాయి. చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ రెండేళ్ల కిందటిదైతే వంద రూపాయలు కట్టకముందే ఆగి కారణం కనుక్కోండి.

డబ్బు కట్టాక వచ్చేవాటిలో మనకు పనికొచ్చేవి రెండు ఫారాలు: ఏఓసీ-4 (వార్షిక లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను). మొదటిదానికి బ్యాలెన్స్ షీట్, నోట్లు (లెక్కల వెంట ఇచ్చే వివరణలు), ఆడిటర్ నివేదిక, డైరెక్టర్ల నివేదిక జతగా ఉంటాయి. రెండోదాంట్లో వాటాదారుల వివరాలు. చూడటానికి గడువు పరిమితం, కాబట్టి తీరిగ్గా చదవొచ్చని వదిలేయకుండా ముందు కనీసం నాలుగేళ్ల ఫైళ్లు దింపుకోండి. ఒక్క ఏడాది పన్ను చూసి ఏమీ తేల్చలేం. ఆడిటర్ సంతకం దగ్గర 18 అక్షరాల యూడీఐఎన్ (ఆ పత్రానికి ఇచ్చే ప్రత్యేక సంఖ్య) ఉంటుంది. దాన్ని చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ యూడీఐఎన్ పోర్టల్లో కొట్టి చూస్తే ఆ నివేదిక నిజంగా ఆ ఆడిటర్‌దేనా అన్నది తేలిపోతుంది.

ఇక పన్ను చదవడం. ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 115బీఏఏ కింద 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీకి సర్‌ఛార్జ్, సెస్ కలిపి పడేది 25.168 శాతం. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, మీరు తెరిచే పాత బ్యాలెన్స్ షీట్లలో పాత నంబర్లే ఉంటాయి.) ఒక కోల్డ్ స్టోరేజీ కంపెనీని ఊహించుకోండి. పన్నుకు ముందు లాభం 2 కోట్లు. 25.168 శాతం చొప్పున పన్ను 50.34 లక్షలు రావాలి. లాభనష్టాల ఖాతాలో ప్రస్తుత పన్ను 18 లక్షలే ఉంది. తేడా 32.34 లక్షలు.

ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఒకరు "దొంగ లెక్క" అంటారు, ఇంకొకరు "ఆడిటర్ గట్టివాడు" అంటారు. రెండూ అప్పుడే అనకూడదు. ఆ ఏడాది కంపెనీ 10 కోట్ల కొత్త ప్లాంటు పెట్టిందనుకోండి. కంపెనీల చట్టం ప్రకారం 15 ఏళ్ల ఆయుష్షుకు 95 శాతాన్ని సమానంగా పంచితే పుస్తకాల్లో తరుగుదల 63.33 లక్షలు. ఆదాయపు పన్నులో 15 శాతం చొప్పున 1.5 కోట్లు. ఆ 86.67 లక్షల తేడా మీద పన్ను 21.81 లక్షలు. ఇది ఎగ్గొట్టిన పన్ను కాదు, ముందు ముందు కట్టాల్సింది. ఆ మొత్తం డిఫర్డ్ ట్యాక్స్ (వాయిదా పడిన పన్ను) నోట్లో కనబడాలి. కనబడితే సరే. ఇంకా మిగిలిన 10.5 లక్షలకు కారణం అడగాలి. కారణం చెప్పలేకపోతే, ఏడాది లాభానికి 8 రెట్లు ధర మాట్లాడుకుంటున్నచోట 84 లక్షల దాకా గాలికి కడుతున్నట్టే.

ఈ తేడా వివరణ విషయంలోనే సేవకు మొదటి అర మార్కు పోయింది. పోర్టల్ తప్పు కాదు, అకౌంటింగ్ ప్రమాణం అలాంటిది. ఇండ్ ఏఎస్ 12 (పెద్ద కంపెనీలకు పన్ను లెక్కల ప్రమాణం) పాటించే కంపెనీలు "రావాల్సిన పన్ను ఇంత, వేసిన పన్ను ఇంత, తేడా ఇందువల్ల" అని పట్టిక ఇచ్చి తీరాలి. లిస్ట్ కాని కంపెనీల్లో నికర విలువ 250 కోట్లు, ఆపైన ఉన్నవాటికే ఇండ్ ఏఎస్ వర్తిస్తుంది. మన దగ్గరి కంపెనీల్లో ఎక్కువ భాగం పాత ప్రమాణమైన ఏఎస్ 22 కిందే ఉంటాయి, అందులో ఆ పట్టిక తప్పనిసరి కాదు. పై లెక్క మీరే వేసుకోవాలి. తప్పనిసరి కాకపోయినా ఆ పట్టిక ఇచ్చే కంపెనీ కనబడితే దాన్ని ఒక మెట్టు పైన పెట్టొచ్చు.

తర్వాత చదవాల్సింది ఆడిటర్ నివేదిక వెనకున్న కేరో 2020 (ఆడిటర్ ఏయే అంశాల మీద చెప్పి తీరాలో నిర్దేశించే ఉత్తర్వు) అనుబంధం. మొత్తం చదివే ఓపిక లేకపోతే 7, 8 క్లాజులు చాలు. ఏడులో మొదటి భాగం: వివాదం లేకుండానే ఆరు నెలలకు పైగా కట్టని పన్నులు, పీఎఫ్ వంటివి. రెండో భాగం: వివాదంలో ఉన్న డిమాండ్లు, ఏ ఏడాదివి, ఎవరి ముందు ఉన్నాయి. ఎనిమిదో క్లాజు ఇంకా సూటిది: పుస్తకాల్లో రాయకుండా దాచి, పన్ను అసెస్‌మెంట్లో ఒప్పుకున్న ఆదాయం ఉంటే చెప్పాలి. అక్కడ ఒక్క అంకె కనబడినా, బేరం ఆపి మిగతా ఏళ్లు తవ్వాల్సిందే. చట్టం దృష్టిలో చిన్న కంపెనీలకు కేరో వర్తించదు, వాటికి ఈ అనుబంధమే ఉండదు. ఇంకో అర మార్కు అక్కడ పోయింది.

అలాంటిచోట దొడ్డిదారి ఒకటుంది. అప్పీలు పెండింగ్‌లో ఉన్నప్పుడు వసూలు ఆపడానికి డిపార్ట్‌మెంట్ మామూలుగా డిమాండ్లో 20 శాతం కట్టించుకుంటుంది. ఆస్తుల వైపు "వివాదంలో కట్టిన పన్ను" అని 6 లక్షలు కనబడితే వెనక 30 లక్షల డిమాండ్ ఉండొచ్చన్నమాట. కంటింజెంట్ లయబిలిటీ (మీద పడొచ్చు, పడకపోవచ్చు అన్న బాకీ) నోట్లో ఆ 30 లేకపోతే, దాచారనే అనుకుని అడగండి.

జీరో వ్యాపారం సంగతికి వద్దాం. మిర్చి, పత్తి, స్క్రాప్ చుట్టూ తిరిగే వ్యాపారాల్లో బిల్లు లేని అమ్మకం కొత్త మాట కాదు. వాటా అమ్మేటప్పుడు యజమాని "పుస్తకాల్లో లేనిది ఇంకో నలభై లక్షలుంది, దాన్ని కూడా లెక్కేసుకోండి" అంటాడు. వేసుకోకూడదు. ఆ 40 లక్షలు చూపించి ఉంటే పన్ను 10.07 లక్షలు పోయేది, 29.93 లక్షలు మిగిలేది, 8 రెట్ల చొప్పున ధరలో 2.39 కోట్లు వచ్చేది. ఏడాదికి పది లక్షలు మిగుల్చుకోబోయి అమ్మేరోజున అది వదులుకున్నట్టు. కొనేవాడికైతే ఇంకా ప్రమాదం. షేర్లు కొంటే పాత పన్ను బాకీ కంపెనీతోపాటే వస్తుంది. తప్పుడు లెక్క చూపినట్టు తేలితే పన్నుకు 200 శాతం పెనాల్టీ, పైన వడ్డీ. తప్పించుకున్న ఆదాయం 50 లక్షలు, ఆపైన ఉంటే, అసెస్‌మెంట్ ఏడాది (సంపాదించిన ఏడాదికి తర్వాతి ఏడాది) ముగిశాక ఐదేళ్ల మూడు నెలల దాకా నోటీసు రావొచ్చు.

చట్టబద్ధంగా పన్ను తగ్గించుకోవడం వేరు, ఇది వేరు. కానీ మొదటిదీ దానంతటదే విలువ పెంచదు. మిహిర్ దేశాయ్, ధమ్మిక ధర్మపాల అమెరికా కంపెనీల మీద చేసి 2009లో ప్రచురించిన అధ్యయనంలో, పన్ను తగ్గించుకోవడం వల్ల సగటున కంపెనీ విలువ పెరిగినట్టు తేలలేదు. పాలన గట్టిగా ఉన్న కంపెనీల్లో మాత్రం పెరిగింది. కారణం మన ఊళ్లలో భాగస్వాములకు బాగా తెలుసు: డిపార్ట్‌మెంట్‌కు కనబడకుండా వేసిన తెర పక్క భాగస్వామికి కూడా అడ్డమే. అందుకే డైరెక్టర్ల నివేదికకు జతచేసే ఏఓసీ-2 ఫారం, నోట్లలోని సంబంధిత వ్యక్తుల (డైరెక్టర్లు, వాళ్ల కుటుంబం, వాళ్ల సంస్థల) లావాదేవీలు తప్పక చదవాలి. అద్దె, కమీషన్, జీతం పేరుతో కుటుంబ సంస్థలకు పోతున్న డబ్బు పన్ను తగ్గించడానికా, లాభం బయటికి తీయడానికా అన్నది నాలుగేళ్ల అంకెలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. అమ్మకాలు పెరగకుండా అద్దె మాత్రం ఏటా పెరుగుతుంటే రెండోదే.

సరిచూడటానికి జీఎస్టీ పోర్టల్లో ఉచిత సెర్చ్ ఉంది. జీఎస్టీఐఎన్ కొడితే రిటర్నులు వేసిన తేదీలు, టర్నోవర్ శ్లాబు కనబడతాయి. శ్లాబు స్థూలమే అయినా, బ్యాలెన్స్ షీట్లో 12 కోట్లు, అక్కడ 25 కోట్ల పైన శ్లాబు అయితే ప్రశ్న దానంతటదే పుడుతుంది. బ్యాంకు అప్పున్న కంపెనీకి రేటింగ్ ఏజెన్సీల నివేదికలు కూడా ఉచితం. "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని ఉంటే ఏజెన్సీకి సమాచారం ఇవ్వలేదని అర్థం. ఏజెన్సీకే ఇవ్వని కంపెనీ రేపు మైనారిటీ వాటాదారుడికి ఇస్తుందా?

మిగిలిన అర మార్కు అసలు దొరకనివాటికి. ఆదాయపు పన్ను రిటర్ను, ఫారం 3సీడీ (పన్ను ఆడిట్ వివరాలు), ఏఐఎస్ (డిపార్ట్‌మెంట్ దగ్గరున్న లావాదేవీల వార్షిక పట్టిక) ఏవీ ఇక్కడ ఉండవు. అవి రాతపూర్వకంగా అడిగి తీసుకోవాలి. భాగస్వామ్య సంస్థల లెక్కలు అసలే ఉండవు, మిర్చి యార్డులో వ్యాపారం చాలావరకు ఆ రూపంలోనే. ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) అయితే ఫారం 8లో సంక్షిప్త లెక్కే. గవర్నర్‌పేటలోనో బ్రాడీపేటలోనో రెడీమేడ్ రిపోర్టు ఇచ్చే కన్సల్టెంట్లు కూడా ఇవే ఫైళ్ల నుంచి తీస్తారు. నిష్పత్తులు అందంగా వస్తాయి, నోట్లు పోతాయి. పన్ను సంగతి ఉండేది నోట్లలోనే కాబట్టి ఈ పనికి వాటి మీద డబ్బు పెట్టకండి.

ఒక ఉచ్చు విడిగా చెప్పాలి. నష్టాల కంపెనీని "పాత నష్టాలున్నాయి, నాలుగేళ్లు పన్ను ఉండదు" అని అమ్మజూపుతారు. ప్రైవేట్ కంపెనీలో 49 శాతానికి మించి ఓటు హక్కు చేతులు మారితే, పాత చట్టంలో సెక్షన్ 79గా ఉన్న నియమం ప్రకారం పాత వ్యాపార నష్టాలను సర్దుకునే వీలు పోతుంది. సర్దుకోని తరుగుదల మాత్రం నిలుస్తుంది. కాబట్టి డిఫర్డ్ ట్యాక్స్ ఆస్తిలో (ముందు ముందు పన్ను తగ్గుతుందని చూపే మొత్తం) నష్టాల వాటా ఎంత, తరుగుదల వాటా ఎంత అని విడదీసి, మొదటిదానికి సున్నా విలువ కట్టండి.

ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యమే. ఏజీఎం(వాటాదారుల వార్షిక సమావేశం)కు చివరి గడువు సెప్టెంబర్ 30, ఆ తర్వాత 30 రోజుల్లో ఏఓసీ-4. ఆగస్టులో వంద కడితే దొరికేది చాలాసార్లు 17 నెలల కిందటి అంకెలే. నవంబర్ మొదటి వారం దాకా ఆగండి. ఒప్పందానికి జతచేయాల్సిన కాగితమైతే మామూలు పీడీఎఫ్ సరిపోదు, పేజీకి 25 రూపాయల చొప్పున సర్టిఫైడ్ కాపీ తీసుకోండి.