క్రైమ్ మ్యాపింగ్ ఆన్‌లైన్ సర్టిఫికేట్: వేదాయపాళెం నుంచి చదివిన నా అనుభవం

రెండేళ్ల కిందట ఎండాకాలంలో ఇంటిల్లిపాదీ తిరుమల వెళ్లాం. శుక్రవారం సాయంత్రం ఆరింటికి తాళం వేసి, ఆదివారం పొద్దున ఆరింటికి తిరిగొచ్చేసరికి పెరటి తలుపు గడియ విరిచి ఉంది. అమ్మ నాలుగు గాజులు, పాప పుట్టినప్పుడు వచ్చిన వెండి సామాన్లు పోయాయి. ఫిర్యాదు రాసుకుంటున్న కానిస్టేబుల్ "ఎప్పుడు జరిగుంటుంది సార్?" అని అడిగారు. నేను చెప్పలేకపోయాను. శుక్రవారం ఆరు నుంచి ఆదివారం ఆరు వరకు అని రాయించి వచ్చాను. ఆ 36 గంటల సంగతి నన్ను చాలా రోజులు వదల్లేదు.

నెల్లూరులో ఒక సర్వే ఆఫీసులో మ్యాపులు గీయడం నా ఉద్యోగం. లేఅవుట్లు, కాలువలు, రోడ్లు గీస్తాను కానీ నేరాలను మ్యాపు మీద పెట్టి చూసే చదువు ఒకటుందని అప్పుడే తెలిసింది. అమెరికాలోని ఒక యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ సర్టిఫికేట్‌లో చేరాను. నాలుగు కోర్సులు, పది నెలలు. ఫీజు, డాలర్ మార్పిడి ఖర్చు అంతా కలిపి లక్ష దాటింది. మా ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఆ డబ్బుకు తగిన పాఠం నాకు రెండో కోర్సులో దొరికింది. దొంగతనం ఏ గంటలో జరిగిందో తెలియనప్పుడు ఏం చేయాలన్నదే ఆ పాఠం. దాన్ని అయోరిస్టిక్ అనాలిసిస్ అంటారు. రాట్‌క్లిఫ్, మెకల్లా అనే ఇద్దరు 1998లో రాసిన పద్ధతి. మా ఇంటి కేసును ఒకటిగా లెక్కవేసి, 36 గంటలకూ తలా 36వ వంతు పంచుతారు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా సినిమాకు వెళ్లిన వాళ్ల ఇంట్లో పోతే ఆ మూడు గంటలకూ మూడో వంతు చొప్పున పంచుతారు. అన్ని కేసులనూ ఇలా కూడుతూ పోతే ఏ గంటల మీద బరువు పడుతోందో బయటపడుతుంది. మామూలుగా చేసినట్టు మధ్య సమయం తీసుకుంటే మా దొంగతనం శనివారం మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి జరిగినట్టు లెక్కలోకి వెళ్లేది. బీటు వేసేది ఆ లెక్క చూసే కదా. ఆ రాత్రి పాఠం అయ్యాక చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఒక ఇంట్లో పడ్డాక కొన్ని వారాల పాటు చుట్టుపక్కల ఇళ్లకూ ప్రమాదం పెరుగుతుందన్న పరిశోధనను కూడా ఉదాహరణలతో బాగా చెప్పారు. అది విన్నాకే మా వీధిలో ఊరెళ్లే వాళ్లందరికీ తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్‌లో ఇల్లు నమోదు చేయమని చెప్పడం మొదలుపెట్టాను. మేం వెళ్లేటప్పుడు ఆ పని చేయలేదు.

లోపం ఎక్కడంటే, డేటా అంతా అమెరికా నగరాలది. డోర్ నంబరు, వీధి పేరు కొడితే పాయింటు దానంతటదే మ్యాపు మీద పడుతుంది. ఎఫ్‌బీఐ 2021 నుంచి జాతీయ ప్రమాణంగా వాడుతున్న నిబర్స్ అనే నేర నమోదు పద్ధతి కోడ్‌ల మీద రెండు వారాలు నడిపారు. అవి నాకెందుకు? మన దగ్గర 2024 జులై 1 నుంచి ఐపీసీ బదులు బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది. ఇళ్లలో దొంగతనాలకు పెట్టే పాత 457, 380 సెక్షన్ల కేసులను కొత్త 331, 305 సెక్షన్లతో కలిపి చూడటం ఎలాగో నేనే పట్టిక వేసుకోవాల్సి వచ్చింది.

చివరి ప్రాజెక్టుకు సొంత ఊరి డేటా తెచ్చుకోవచ్చన్నారు. సున్నితమైన కేసులు తప్ప ఎఫ్ఐఆర్‌లు వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది కాబట్టి అక్కడ దొరికినవి తీసుకున్నాను. చిరునామాలు "రామాలయం వెనక", "వాటర్ ట్యాంకు పక్క సందు" అని ఉన్నాయి. ఏ సాఫ్ట్‌వేరూ వాటిని పట్టలేదు. అయితే మన ఎఫ్ఐఆర్‌లో సంఘటన స్థలం స్టేషన్‌కు ఏ దిక్కున, ఎంత దూరమో రాసే గడి ఒకటుంటుంది. ఈశాన్యంగా 2 కిలోమీటర్లు అంటే స్టేషన్ నుంచి గీత గీసి, ఆ దరిదాపుల్లో గుడినో ట్యాంకునో వెతికి పాయింటు పెట్టాను. ఒక్కో కేసుకు పావుగంట పట్టింది. మా ఇన్‌స్ట్రక్టర్ ఆ గడి గురించి మిగతా విద్యార్థులకు కూడా వివరించమన్నారు. చాలా సంతోషమేసింది.

కేసులు ఎక్కువున్న చోటును ఎర్రగా చూపే హీట్‌మ్యాప్ వేసేటప్పుడు ఒక జాగ్రత్త. లొకేషన్లు అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంటే, ఒక్కో కేసు చుట్టూ ఎంత దూరం లెక్కలోకి తీసుకోవాలో చెప్పే వ్యాసార్థాన్ని కూడా సాఫ్ట్‌వేర్ డిగ్రీల్లోనే తీసుకుంటుంది. ఒక డిగ్రీ అంటే దాదాపు 111 కిలోమీటర్లు. నెల్లూరు, ఒంగోలు రెండూ మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో 44వ జోన్‌లోకి వస్తాయి కాబట్టి ముందు ఆ జోన్ కోడ్ 32644కు మార్చుకుని మీటర్లలో ఇవ్వాలి. వ్యాసార్థం 200 మీటర్లు పెడితే ఒక బొమ్మ, కిలోమీటరు పెడితే ఇంకో బొమ్మ వస్తుంది. ఏది పెట్టారో, ఎందుకు పెట్టారో రాయకుండా ఎర్రరంగు చూపించకూడదని వాళ్లు గట్టిగా చెప్పారు. అది నాకు నచ్చింది. రొట్టెల పండగ రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర జేబుదొంగతనాల కేసులు ఎక్కువొస్తే ఆ చోటు చెడ్డదని కాదు. స్వర్ణాల చెరువు గట్టున అన్ని లక్షల మంది ఉంటే ఎక్కడైనా అంతే. కేసులను జనంతో భాగించకుండా ఏ పేటకూ ఎర్రరంగు వేయకూడదు. అక్కడ ఉండేది మనుషులు. ఈ విషయానికి వాళ్లు ఒక్క వారమే ఇచ్చారు. కనీసం మూడు వారాలు ఇవ్వాల్సింది.

లైవ్ క్లాసులు మనకు తెల్లవారుజామున 4:30కి, నవంబరు నుంచి 5:30కి. రికార్డింగులు ఉంటాయి కానీ ప్రశ్న అడగాలంటే లేవాల్సిందే. కోర్సులో వాడే మ్యాపు సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్‌లోనే నడుస్తుంది, 8 జీబీ ర్యామ్ అయినా ఉండాలి. కోర్సు అయిపోగానే స్టూడెంట్ లైసెన్సూ అయిపోతుంది. అందుకే ప్రతి అసైన్‌మెంటునూ ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ అనే మ్యాపు సాఫ్ట్‌వేర్‌లో ఇంకోసారి చేసుకున్నాను.

జాగ్రఫీ, స్టాటిస్టిక్స్ డిగ్రీ చేసిన వాళ్లకు, స్టేషన్లలో కంప్యూటర్ పని చూసే వాళ్లకు ఈ కోర్సు చెబుతాను. మ్యాపు సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ముట్టుకోని వాళ్లు మాత్రం ముందు రెండు నెలలు క్యూజీఐఎస్ సొంతంగా నేర్చుకుని చేరండి. లేకపోతే మొదటి కోర్సు ఫీజంతా బటన్లు వెతకడానికే పోతుంది.