చేత్తో కట్టిన బక్‌టెయిల్ జిగ్‌లు: లేక్ ఈరీ గట్టు మీద రాత్రి వాలై వేటలో కొన్ని సీజన్లు వాడాక

ముందే చెప్పేస్తున్నా, అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్లీవ్‌లాండ్ చుట్టుపక్కల లేక్ ఈరీ గట్టు మీద నుంచి రాత్రిళ్ళు వాలై అనే చేపని పట్టేవాళ్ళకి షాపులో ప్యాకెట్‌లో దొరికే జిగ్ కన్నా మనం కట్టుకున్న బక్‌టెయిల్ జిగ్ బాగా పనిచేస్తుంది. జిగ్ అంటే కొక్కేనికి సీసం తల పోసిన ఎర, దానికి జింక తోక వెంట్రుకలు కడితే బక్‌టెయిల్ జిగ్. దానికి కారణం రంగూ కాదు, అందమూ కాదు. అది నీళ్ళలో ఎంత నెమ్మదిగా కిందికి దిగాలో మనమే నిర్ణయించుకోవచ్చు, అదీ అసలు సంగతి. కొన్నేళ్ళుగా అక్టోబర్ చివర నుంచి డిసెంబర్‌లో గట్టు మీద మంచు పేరుకునేదాకా ఇవే వాడుతున్నా, ఎడ్జ్‌వాటర్ దగ్గర, ఈస్ట్ 55త్ మరీనా (పడవల రేవు) దగ్గర, వీలైనప్పుడు పడమర వైపు లొరైన్, హ్యూరాన్ పియర్ దాకా వెళ్ళి కూడా.

ఆ సీజన్ ఎందుకంటే, నీళ్ళు చల్లబడే కొద్దీ గిజార్డ్ షాడ్, ఎమరాల్డ్ షైనర్ లాంటి చిన్న చేపలు హార్బర్లలోకి, నది నోళ్ళ దగ్గరికి గుంపులుగా వస్తాయి, వాటి వెనకాలే పెద్ద వాలైలు చీకటి పడ్డాక గట్టుకి బాగా దగ్గరగా వచ్చేస్తాయి. వేసవిలో పడవ లేకపోతే అందని చేప అప్పుడు మన కాళ్ళ ముందు తిరుగుతుంది. పైగా నవంబర్‌లో గడియారం వెనక్కి తిప్పాక ఇక్కడ సాయంత్రం అయిదుంబావు ప్రాంతానికే సూర్యుడు దిగిపోతాడు, కాబట్టి లాప్‌టాప్ మూసి జాకెట్ వేసుకుని వెళ్తే రాత్రి భోజనానికి ఇంటికొచ్చేయొచ్చు, ఉద్యోగం చేసుకునే మనలాంటి వాళ్ళకి ఇంతకన్నా వీలైన వేట ఇంకోటి లేదు.

వాలై కంటి వెనక టపీటం అని ఒక పొర ఉంటుంది, లోపలికి వచ్చిన కాస్త వెలుతురుని మళ్ళీ వెనక్కి కొడుతుంది, అందుకే టార్చ్ పడితే దాని కళ్ళు మెరుస్తాయి. మసక వెలుతుర్లో షాడ్‌కి సరిగ్గా కనపడదు, దీనికి కనపడుతుంది, రాత్రి వేట అంతా ఆ తేడా మీదే నడుస్తుంది. కానీ చల్లనీళ్ళలో ఉన్న వాలై పరిగెత్తి పట్టుకోదండీ, దాని మూతి ముందు నుంచి ఏదైనా తీరిగ్గా దిగుతుంటే నోట్లోకి లాక్కుంటుంది. వట్టి సీసం గుండుకి ప్లాస్టిక్ తోక గుచ్చితే అది గబగబా అడుక్కి పోతుంది, నిదానంగా దిగాలని బరువు తగ్గిస్తే గాలికి దూరం పడదు. ఇక్కడే వెంట్రుకలు పనికొస్తాయి. పావు ఔన్స్ తలకి ఒత్తుగా జుట్టు కట్టామంటే విసిరేటప్పుడు బరువు ఉంటుంది, నీళ్ళలో పడ్డాక జుట్టు విచ్చుకుని నీటిని పట్టుకుంటుంది, దిగడం నెమ్మదిస్తుంది. అదే జుట్టు పలచగా కడితే త్వరగా దిగుతుంది, ప్రవాహం ఉన్న చోట అది కావాలి. నా డబ్బాలో ఒకే బరువు, ఒకే రంగు జిగ్‌లు మూడు వరసల్లో ఉంటాయి, తేడా అంతా జుట్టు ఒత్తులోనే. షాపులో ఈ మూడు రకాలు అడగండి, ఒక్కటే ఇస్తారు.

కట్టే సంగతి. తలలు పోతపోసినవి, రంగు వెయ్యనివి కొంటున్నా. కొనేటప్పుడు చూడాల్సింది కాలర్, అంటే తల వెనక దారం చుట్టే భాగం. ప్లాస్టిక్ జారకుండా ముల్లు ఉన్న రకం జుట్టు కట్టడానికి పనికిరాదు, దారం ఎగుడుదిగుడుగా కూర్చుంటుంది, నున్నగా ఉన్న కాలరే తీసుకోండి. బక్‌టెయిల్ అంటే తెల్లతోక జింక తోక, రంగులు వేసి అమ్ముతారు, ఒక్క తోకతో చలికాలం అంతా కట్టుకోవచ్చు. తోకలో కూడా ఎక్కడి వెంట్రుక తీశామన్నది చాలా ముఖ్యం. మొదలు దగ్గరది లోపల బోలుగా ఉంటుంది, దారం బిగించగానే గొడుగులా విచ్చుకుంటుంది, చివర వైపుది గట్టిగా పొడుగ్గా ఉండి బుద్ధిగా పడుకుంటుంది. నెమ్మదిగా దిగే జిగ్‌కి మొదటిదీ రెండోదీ కలిపి కడతా, లోపల బోలు జుట్టు, పైన పొడుగు జుట్టు. ఈ ఒక్క పద్ధతి తెలిశాక నా జిగ్‌లు మారిపోయాయి.

మొత్తం జుట్టు ఒకేసారి పెట్టి చుట్టొద్దు. అగ్గిపుల్ల మందం కుచ్చులు నాలుగు తీసుకుని, చిన్న దువ్వెనతో అడుగున ఉన్న నూగు అంతా దులిపేసి, కాలర్‌కి నాలుగు వైపులా ఒక్కోటి కట్టాలి. మొదటి రెండు చుట్లు వదులుగా, మూడోది కిందికి లాగి బిగించాలి. బక్‌టెయిల్ జారుడు సరుకు కాబట్టి దారం గట్టిది కావాలి, నేను 210 డీనియర్ (దారం మందం లెక్క) ఫ్లాట్ వ్యాక్స్‌డ్ నైలాన్ వాడతా, ఈగల్లాంటి చిన్న ఎరలు కట్టే సన్నదారం దీనికి చాలదు, కావలసినంత బిగించబోతే తెగిపోతుంది. ప్రతి కుచ్చు మొదట్లో సూపర్ గ్లూ ఒక చుక్క వెయ్యాలి. చివర విప్ ఫినిష్ ముడి వేసి పైన రెండు పూతలు శాలీ హాన్సెన్ హార్డ్ యాజ్ నెయిల్స్ వేస్తే సరి, అవును, గోళ్ళకి వేసుకునేదే, ఇక్కడ జిగ్‌లు కట్టేవాళ్ళు చాలామంది వాడేది అదే, మా ఆవిడ సీసా ఒకటి శాశ్వతంగా నా డెస్క్ మీదికి వచ్చేసింది. వైస్ ఖరీదైనది అక్కర్లేదు, లావు కొక్కేన్ని కదలకుండా పట్టుకుంటే చాలు.

మారబూ కూడా కట్టి చూశా, అంటే ఇప్పుడు టర్కీ కోడి మెత్తటి ఈకలు. నీళ్ళలో కదలిక చూస్తే బక్‌టెయిల్ కన్నా బాగుంటుంది, మనం ఏమీ చెయ్యకపోయినా ఆడుతూనే ఉంటుంది. కానీ వాలై పళ్ళు కుక్క కోరల్లాంటివి, రెండు మూడు చేపలకే ఈక చీకిపోతుంది. గాలి లేని, అలలు లేని రాత్రి ఒకటో రెండో వేస్తా, మిగతా అన్ని రోజులూ బక్‌టెయిలే.

రంగు గురించి అందరూ అడుగుతారు. పూర్తి చీకట్లో చేపకి రంగు కన్నా ఆకారం కనపడుతుంది, కింద నుంచి పైకి చూసినప్పుడు ఆకాశం వెలుతురుకి అడ్డంగా నల్లటి నీడలా ఏదో దిగుతోందన్నట్టు. అందుకే నా డబ్బాలో సగానికి పైగా నలుపూ, పర్పులూ. పర్పుల్ హెయిర్ జిగ్ ఈరీ పడమటి భాగంలో వసంతకాలంలో పడవల వాళ్ళకి పేరున్న సరుకు, రాత్రి గట్టు మీద కూడా నాకు అదే ఎక్కువ ఇచ్చింది. మరీనా దీపాల వెలుతురు పడే చోట మాత్రం తెలుపులో వెండి ఫ్లాషబూ అనే మెరిసే పోగులు నాలుగు కలిపినది బావుంటుంది, అచ్చం షాడ్ మెరుపే. చీకట్లో వెలిగే గ్లో పెయింట్ మీద నాకు అంత నమ్మకం లేదు. గాలి లేచి నీళ్ళు బురదగా ఉన్న రాత్రి తల మీద గ్లో పూత, యూవీ టార్చ్‌తో ఒకసారి వెలిగించి వేస్తే పనిచేస్తుంది, నీళ్ళు తేటగా ఉంటే తలంతా వెలిగిపోయే జిగ్‌ని చేప ముట్టదు, కాలర్ దగ్గర ఒక సన్న చార చాలు.

పెయింట్ అంటే పౌడర్ పెయింట్. హీట్ గన్‌తో తల వేడిచేసి పొడిలో ఒక్క క్షణం ముంచి తీసి, గట్టిపడేలోపే కొక్కెం కన్ను రంధ్రం పాత కొక్కెంతో తెరవాలి, లేదంటే చలిలో గట్టు మీద చేతులు వణుకుతూ ఆ రంధ్రం పొడుచుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. తర్వాత 350 ఫారన్‌హీట్‌లో ఇరవై నిమిషాలు కాల్చాలి, తినేవి పెట్టని వేరే టోస్టర్ అవెన్‌లో. ఇదంతా జుట్టు కట్టకముందే అవ్వాలి, జుట్టు వేడికి నిలవదు.

సీసం ఇంట్లో కరిగించడం గురించి మన వాళ్ళు కొందరు మెసేజ్‌లు పెడుతుంటారు, అచ్చులు దొరుకుతున్నాయి కదా పోసుకుందాం అని. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దండీ. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌లో కరుగుతుంది, అచ్చులో ఒక్క చుక్క తడి ఉన్నా ఆవిరై వేడి సీసం మొహం మీదికి చిమ్ముతుంది, సీసం పొడి బట్టలతో పాటు ఇంట్లోకి వస్తుంది. పోసిన తలలు కొనుక్కోవడానికి అయ్యే ఖర్చు ఏమంత ఎక్కువ కాదు. కొన్నవి ముట్టుకున్నా సరే చేతులు సబ్బుతో కడుక్కునే ఏదైనా తినాలి, గట్టు మీద ఒక చేత్తో జిగ్ మారుస్తూ ఇంకో చేత్తో మిక్చర్ తినే అలవాటు మానుకోవాలి.

ఇక వాడటం. మా వైపు కాలువ గట్టు మీద వెదురు కర్రకి గాలం, బెండు కట్టి వానపామును గుచ్చి కూర్చుంటే ఎర పని ఎర చేసుకుంటుంది. జిగ్ అలా కాదు, దానికి ప్రాణం పోసేది మన మణికట్టే. ఏడు అడుగుల మీడియం లైట్ రాడ్, పది పౌండ్ల బ్రెయిడ్ (అల్లిన దారం), చివర ఒక బారెడు ఫ్లూరోకార్బన్ దారం పెట్టుకున్నా. విసిరే ముందు జుట్టుని నీళ్ళలో ముంచి పిండాలి, పొడి జుట్టులో గాలి ఇరుక్కుంటే మొదటి నాలుగు విసుర్లు జిగ్ సరిగ్గా దిగదు. విసిరాక లెక్కపెడుతూ దిగనివ్వాలి, అడుగు తగిలాక రాడ్ కొసని జానెడు ఎత్తి, దారం పూర్తిగా వదలకుండా జిగ్‌తో పాటే కొసని కిందికి దించాలి. నూటికి తొంభై సార్లు చేప పట్టేది దిగేటప్పుడే. టక్ అని కొడుతుందని ఎదురుచూడకండి, చల్లనీళ్ళలో చాలాసార్లు తెలిసేది ఒక్కటే, పది లెక్కకి అడుగు తగలాల్సిన జిగ్ ఏడు దగ్గరే ఆగిపోయింది, అప్పుడు లాగాలి. చీకట్లో దారం కనపడదు కాబట్టి చూపుడువేలి మీద ఆనించి పెట్టుకుంటా. చేత్తో కట్టిన జిగ్ వల్ల నాకు జరిగిన పెద్ద మేలు ఇదే, నా జిగ్ ఎంతసేపట్లో దిగుతుందో నాకు ముందే తెలుసు, కాబట్టి తేడా వచ్చిన క్షణం తెలుస్తుంది.

నిజం చెప్పాలి కాబట్టి ఇదీ చెప్తా, ఈరీ గట్టు మీద రాత్రి నిలబడే వాళ్ళలో ఎక్కువమంది వేసేది జిగ్ కాదు, హస్కీ జెర్క్, పర్ఫెక్ట్ 10 లాంటి పొడుగు స్టిక్‌బెయిట్‌లు, అంటే చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ఎరలు. షాడ్ పైపైన తిరుగుతూ వాలైలు నీటి పైభాగంలో వేటాడే రాత్రి వాళ్ళు వరసగా పడతారు, నా జిగ్ ఊరికే తడుస్తుంది, అప్పుడు నేనూ స్టిక్‌బెయిటే కడతా. కానీ నవంబర్ సగం దాటి నీళ్ళు 45 ఫారన్‌హీట్ కిందికి వెళ్ళాక చేపలు అడుక్కి దిగుతాయి, హార్బర్ నోట్లో పది పన్నెండు అడుగుల లోతులో బద్ధకంగా ఉంటాయి, అప్పుడు జిగ్‌కి సాటి లేదు. ఇంకో విషయం, ఆ స్టిక్‌బెయిట్ ఒకటి రాళ్ళలో ఇరుక్కుంటే పది డాలర్లు పోయినట్టే, ఆ భయంతో జనం రాళ్ళకి దూరంగా విసురుతారు. చేప ఉండేది రాళ్ళ పక్కనే. నా జిగ్ పోతే పోయేది గుప్పెడు జుట్టూ ఒక తలా, అందుకే రాళ్ళ అంచు వెంబడే ధైర్యంగా వేస్తా.

మన్నిక సంగతికొస్తే, ముందు పోయేది తల మీద పెయింట్, రాళ్ళకి కొట్టుకుని చిట్లుతుంది, దాని వల్ల చేప పడటంలో తేడా ఏమీ రాలేదు. తర్వాత కాలర్ దారం, నెయిల్ పాలిష్ రెండు పూతలు ఉన్నవి సీజనంతా ఆగాయి, ఒక్క పూతవి ఆగలేదు. కొక్కెం మొన ప్రతి రాత్రీ గోరు మీద గీసి చూసి, జారితే చిన్న ఆకురాయితో రెండు సార్లు రుద్దుతా. ఇంటికొచ్చాక డబ్బా మూత తెరిచి ఆరబెట్టాలి, తడి జుట్టు మూసిపెడితే కొక్కేలు తుప్పు పడతాయి, వాసన కూడా. మిగిలిన తోకలు జిప్ కవర్లో గట్టిగా మూసి పెట్టండి, వేసవిలో పురుగు పడితే మొత్తం కొట్టేస్తుంది.

గట్టు సంగతి ఒక మాట. అలలకి అడ్డంగా కట్టిన బ్రేక్‌వాల్ రాళ్ళు తడిస్తే నాచుతో, డిసెంబర్‌లో మంచుతో భయంకరంగా జారతాయి, బూట్లకి ముళ్ళ క్లీట్లు, ఒంటి మీద లైఫ్ జాకెట్ లేకుండా దిగొద్దు, ఉత్తరం గాలి గట్టిగా ఉన్న రాత్రి అసలు వెళ్ళొద్దు, అలలు రాళ్ళు దాటి వస్తాయి. పొడుగు కర్ర వల కూడా ఉండాలి, వంగి చేత్తో తీసే ప్రయత్నం వద్దు. హెడ్‌ల్యాంప్ ఎర్ర లైట్‌లో పెట్టుకోండి, దాన్ని నీళ్ళ మీద మాత్రం వెయ్యకండి, పక్కవాళ్ళు ఊరుకోరు, వాళ్ళ కోపంలో న్యాయముంది.

ఒహాయో వైపు ఈరీలో నేను పట్టే కాలంలో రూల్ రోజుకి 6 చేపలు, ఒక్కోటి కనీసం 15 అంగుళాలు, వెళ్ళేముందు ఆ ఏడాది రూల్స్ చూసుకోండి. పదహారేళ్ళు నిండిన ప్రతివాళ్ళకీ లైసెన్స్ ఉండాలి, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి సరదాగా రాడ్ చేతికిచ్చినా సరే, వాళ్ళ కోసం ఒక్కరోజు లైసెన్స్ ఉంటుంది. వసంతంలో ఈరీలో కలిసే మౌమీ నదికి ఇవే జిగ్‌లు పట్టుకుని రాత్రి వెళ్దామనుకునేవాళ్ళకి, అక్కడ మార్చి, ఏప్రిల్ నెలల్లో సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకే పట్టాలి, రాత్రి నిషేధం.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు పావు ఔన్స్ తలలు ఒక ప్యాకెట్, నల్ల తోక ఒకటి, పర్పుల్ తోక ఒకటి, ఆ 210 దారం, గ్లూ, ఓ మామూలు వైస్ తీసుకోండి. త్రీడీ కళ్ళు, రకరకాల ఈకలు, వెనక వేలాడే స్టింగర్ కొక్కేలు ఇప్పుడే కొనొద్దు. ముఖ్యంగా స్టింగర్ రాళ్ళలో ప్రతి విసురుకీ పట్టుకుంటుంది, పడవ వాళ్ళకి పనికొస్తుందేమో గానీ గట్టు మీద నేను తీసేశా. ఒత్తుగా అయిదు, పలచగా అయిదు కట్టి, వెలుతురున్నప్పుడు పియర్ అంచున నీళ్ళలో ఒక్కోటి వదిలి ఎంత లెక్కకి దిగుతుందో చూసి, ఆ అంకె డబ్బాలో మార్కర్‌తో రాసుకోండి, మిగతా జిగ్‌లు ఆ తర్వాత కట్టొచ్చు.