ఎన్‌పీఎన్ అని చెప్పి పీఎన్‌పీ సెన్సర్ అంటగట్టాడు, కొనేవాళ్ళు జాగ్రత్త

నిన్న రాత్రి నా సీఎన్‌సీ (కంప్యూటర్ ఆదేశాలతో నడిచే మిషన్) కంట్రోలర్ బోర్డు పోయింది. బోర్డు పోయిందన్న బాధ ఉంది కానీ, ఈ పోస్టు అందుకోసం రాయడం లేదు. తాను చెప్పిన మాటను నేను చూస్తుండగానే చెరిపేసిన మనిషి గురించి మీకు చెప్పాలి. పేరు రాయను. హాబీ మిషన్లకు సెన్సర్లు, మోటార్లను నడిపే డ్రైవర్ బోర్డులు అమ్మే ఆయనే, ఎవరో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. నేనూ ఇంతకుముందు రెండుసార్లు కొన్నాను, అప్పుడు ఏ ఇబ్బందీ రాలేదు. అందుకే నమ్మాను.

ముందు జరిగింది తొందరగా చెప్పేస్తాను. ఎన్‌పీఎన్, పీఎన్‌పీ అనేవి సెన్సర్లలో రెండు రకాలు: లోహం కనిపిస్తే సిగ్నల్ వైరును మొదటిది సున్నాకు లాగుతుంది, రెండోది ప్లస్ వోల్టేజీకి తోస్తుంది. వారం రోజులుగా హోమింగ్ (మిషన్ ఒక్కో అక్షాన్ని సెన్సర్ దాకా నడిపి తన మొదటి స్థానం తెలుసుకోవడం) సతాయిస్తోంది. జెడ్ పైకి వెళ్ళేది, వై సరిగ్గా ఆగేది, ఎక్స్ మాత్రం చివరిదాకా వెళ్ళి ఫ్రేముకు గుద్దుకుని అక్కడే గరగరమని కొట్టుకునేది. ఆ తర్వాత అలారం 9. అంటే వెతకాల్సినంత దూరం వెతికినా స్విచ్ (ఇక్కడ సెన్సరే) దొరకలేదని బోర్డులో నడిచే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ చెప్పడం. పోనీ ప్రతిసారీ అలాగే చేస్తే వెతుక్కోవచ్చు. నాలుగుసార్లు బాగానే ఆగేది, ఐదోసారి గుద్దేది.

సెన్సర్ పోయిందనుకుని కొత్తది ఆర్డర్ పెట్టేశాను. తప్పు అక్కడే మొదలైంది, అది నా తప్పే. ఎందుకంటే గుద్దుకున్న ప్రతిసారీ సెన్సర్ వెనక ఉన్న ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. లైటు వెలిగిందంటే సెన్సర్ లోహాన్ని కనిపెట్టిందనే కదా! ఆ సంగతి బోర్డుదాకా చేరుతోందా లేదా అని చూడాలి. ఒక్క ప్రశ్నార్థకం గుర్తు టైప్ చేసి బోర్డుకు పంపితే స్టేటస్ లైన్లో పీఎన్ (పిన్నులు) పక్కన ఎక్స్ వస్తోందో లేదో కనిపించేది. నిమిషం పని. అది చేయలేదు.

పార్సిల్ వచ్చాక పాత సెన్సర్ విప్పితే, దాని నల్ల వైరుకు (సిగ్నల్ వైరు) బోర్డు దగ్గర ఒక చిన్న డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) సోల్డర్ చేసి ఉంది. నాకు అనుమానం వచ్చింది. సెన్సర్‌కు వెళ్ళేది 24 వోల్టులు, బోర్డు మీద పిన్ను 5 వోల్టులది, మధ్యలో ఆప్టోకప్లర్ (రెండు వైపులా వోల్టేజీని వేరుగా ఉంచి, సిగ్నల్‌ను కాంతితో దాటించే భాగం) లేదు. అందుకే ఏదీ కలపకముందే ఆయనకు ఫొటో తీసి మెసేజ్ పెట్టాను. ఇది ఎన్‌పీఎన్నేనా, ఈ డయోడ్ ఉంచాలా తీసేయాలా అని స్పష్టంగా అడిగాను. రెండు నిమిషాల్లో జవాబు వచ్చింది: "హండ్రెడ్ పర్సెంట్ ఎన్‌పీఎన్ సార్. డయోడ్ అక్కర్లేదు, నేరుగా పెట్టేయండి."

నేరుగా పెట్టేశాను.

పవర్ ఇచ్చి సెన్సర్ ముందు స్క్రూడ్రైవర్ పట్టుకున్నాను. లైటు వెలిగింది, ఆ క్షణంలోనే కంప్యూటర్లో కనెక్షన్ తెగిపోయింది. మళ్ళీ కనెక్ట్ కాలేదు. బోర్డు మీద చిప్పును ముట్టుకుంటే వేలు కాలింది.

అప్పుడు తీశాను మీటరు. సెన్సర్‌ను బోర్డు నుంచి విడదీసి, గోధుమ రంగు వైరుకు ప్లస్, నీలం వైరుకు మైనస్ ఇచ్చి, నల్ల వైరుకూ నీలానికీ మధ్య చూశాను. ఏమీ లేనప్పుడు సున్నా. లోహం చూపగానే దాదాపు 24. నార్మల్లీ ఓపెన్ (లోహం లేనప్పుడు ఆఫ్‌లో ఉండే) ఎన్‌పీఎన్ అయితే లోహం చూపినప్పుడు నల్ల వైరును కిందికి, సున్నాకు లాగాలి. ఇది పైకి తోస్తోంది. అంటే అచ్చమైన పీఎన్‌పీ. ఆ 24 వోల్టులూ నేరుగా 5 వోల్టుల పిన్నులోకి వెళ్ళాయి. ఆ చిన్న డయోడ్ అక్కడే ఉంటే ఆ వోల్టేజీని అడ్డుకునేది. హోమింగ్ పనిచేసేది కాదు, అంతే. బోర్డు బతికేది.

ఇక్కడిదాకా కూడా పొరపాటే అనుకున్నాను. వేల సెన్సర్లు అమ్మేచోట ఒక డబ్బాలోది ఇంకో డబ్బాలో పడుతుంది. మీటరు రీడింగ్ వీడియో తీసి మర్యాదగానే పంపాను. సెన్సర్ మార్చి ఇవ్వండి, బోర్డు విషయంలో మీకు తోచిన సాయం చేయండి అన్నాను. చూశాడు. చాలాసేపు జవాబు లేదు. తర్వాత వచ్చింది: "ఎన్‌పీఎన్ అని నేనెప్పుడు చెప్పాను?"

పైకి జరిపి చూపిద్దామని చాట్ తెరిచాను. మధ్యాహ్నం పంపిన ఆ మెసేజ్ ఉంది. స్క్రీన్‌షాట్ తీయాలని వేలు పెట్టేలోపే, నేను చూస్తుండగానే అది మాయమై, ఆ చోట మెసేజ్ తొలగించారన్న లైను మిగిలింది. దాని పైన నా ప్రశ్న, నా ఫొటో అలాగే ఉన్నాయి. జవాబు మాత్రం లేదు. ఫోను పట్టుకుని అలాగే ఉండిపోయాను. అవతల కూర్చున్న మనిషికి తాను ఏం చెప్పాడో గుర్తుంది, అది తప్పని తెలుసు, అందుకే వెతికి మరీ తీసేశాడు. మర్చిపోయినవాడు అలా చేయడు.

ఆ తర్వాత ఇంకో మెసేజ్: "వైరింగ్ రానివాళ్ళు మిషన్ ఎందుకు కొంటారండీ? వాడిన వస్తువు వాపసు తీసుకోం." ఫోన్ చేస్తే ఎత్తలేదు. పొద్దున్నుంచి నా మెసేజులు ఆయనకు చేరడం లేదు.

ఇంత జరిగాక పాత సెన్సర్‌ను విడిగా పరీక్షించాను. శుభ్రంగా పనిచేస్తోంది. కేబుల్ చైన్ (కదిలే వైర్లను మోసే గొలుసు) లోపలి వైర్లను బయటికి లాగి, మీటరు బీప్ మోడ్‌లో పెట్టి వంచుతూ చూస్తే, చైన్ మలుపు దగ్గర నల్ల వైరులో రాగి తెగి ఉంది. పైన తొడుగు బాగానే ఉంది. ఒకలా వంచితే బీప్ వస్తుంది, ఇంకోలా వంచితే ఆగిపోతుంది. నాలుగుసార్లు బాగుండి ఐదోసారి గుద్దడానికి కారణం ఇది. మూరెడు వైరు మార్చాల్సిన చోట బోర్డు పోగొట్టుకున్నాను. లైటు వెలుగుతోందని చూసి కూడా ఆలోచించకపోవడం తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

కొనేవాళ్ళకు చెప్పేది కొంచెమే. అమ్మేవాళ్ళు ఏదైనా సాంకేతిక హామీ ఇస్తే వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి, తర్వాత చూద్దాం అనుకోవద్దు. ఎన్‌పీఎన్ సెన్సర్లలో కూడా కొన్నింటికి లోపల ప్లస్‌కు రెసిస్టర్ ఉండి, దాని గుండా 24 వోల్టులు నల్ల వైరులోకి రావచ్చు కాబట్టి, 24 వోల్టులతో నడిపేటప్పుడు డయోడ్ గానీ ఆప్టోకప్లర్ గానీ లేకుండా బోర్డుకు కలపకండి, ఎవరు ఎంత గట్టిగా చెప్పినా సరే. ఈ మధ్య ఆయన దగ్గర మూడు వైర్ల ఇండక్టివ్ (లోహాన్ని కనిపెట్టే) సెన్సర్ కొని ఇంకా బిగించనివాళ్ళు ఎవరైనా ఉంటే, దయచేసి ముందు మీటరు పెట్టి చూడండి. మీకూ పీఎన్‌పీయే వచ్చి ఉంటే కింద రాయండి. నా దగ్గర మీటరు వీడియో ఉంది, ఆ జవాబు ఒక్కటే లేదు.