గ్లేజర్ల ‘లోపలి వార్తలు’ అంటూ అమ్ముతున్నారు, డబ్బులు కట్టకండి

హైదరాబాద్‌లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ మాంచెస్టర్ యునైటెడ్ మ్యాచ్‌లు చూసే వాళ్లందరికీ చెబుతున్నాను. క్లబ్ అమ్మకం గురించి లోపలి సమాచారం ఇస్తామంటూ టెలిగ్రామ్‌లో మెంబర్‌షిప్ అమ్ముతున్నారు. దయచేసి కట్టకండి. నేనూ, నా స్నేహితులు ముగ్గురూ కట్టాం. మనిషికి 1,499 రూపాయలు, ఆరు నెలలకు. మాలో చిన్నవాడు ఇంకా డిగ్రీ చదువుతున్నాడు. పిల్లలకు ట్యూషన్ చెప్పి దాచుకున్న డబ్బు కట్టాడు. నాకు ఎక్కువ బాధగా ఉన్నది అదే, ఎందుకంటే వాడిని చేర్చింది నేనే.

గచ్చిబౌలిలో మ్యాచ్ చూడ్డానికి వెళ్లినప్పుడు ఒకతను పరిచయమయ్యాడు. క్లబ్ ఓనర్లైన గ్లేజర్ కుటుంబం మీద మనలాగే మండిపడ్డాడు. 2005లో మాల్కం గ్లేజర్ సుమారు 79 కోట్ల పౌండ్లకు క్లబ్‌ను కొన్నాడని, అందులో చాలా భాగం అప్పేనని, అప్పటిదాకా అప్పు లేని క్లబ్ నెత్తిన ఆ భారం పెట్టారని గడగడా చెప్పాడు. అవన్నీ నిజాలే. అందుకే మిగతాదీ నమ్మేశాం. "పేపర్ వాళ్లు ఓనర్లకు భయపడి అసలు సంగతి రాయరు, మాకు క్లబ్ లోపల మనిషి ఉన్నాడు" అన్నాడు.

ఆ మాటకు మేం ఎందుకు పడిపోయామో చెప్పాలి. మీడియా మీద మాకు ముందునుంచీ కోపం ఉంది. మా బ్యాచ్‌లోనే ఒకడు, ఇంగ్లిష్ పత్రికలు మ్యాచ్ ఓడిన ప్రతిసారీ ఓనర్ల మీద వేసి ఆటగాళ్లను వదిలేస్తున్నాయంటాడు. ఇంకొకడు, అభిమానులు రోడ్డెక్కితే తప్ప గ్లేజర్ల పేరెత్తరంటాడు. 2021 మే 2న అభిమానులు క్లబ్ సొంత మైదానం ఓల్డ్ ట్రాఫర్డ్‌లోకి దూసుకెళ్లి, లివర్‌పూల్ మ్యాచ్ వాయిదా పడ్డాక గాని ప్రపంచమంతా పట్టించుకోలేదని వాడి వాదన. నాకైతే ఎవరు కొంటారు, ఎప్పుడు కొంటారు అన్న పుకార్లకు ఇచ్చినంత చోటు, అప్పుకు ఏటా కట్టే వడ్డీకి ఇవ్వరనిపిస్తుంది. పైగా ఓనర్ల దగ్గర లెక్క తప్పితే ఏమవుతుందో మన ఊరు చూసింది. 2022లో మన దేశపు ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ జీతాల గొడవల్లో పడి, 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్లిపోయింది. నిజం ఎవరైనా చెబుతారా అని ఎదురుచూసే వాళ్లం మనం. అమ్మేవాడికి ఆ సంగతి బాగా తెలుసు.

చేరిన మొదటి వారమే "గ్లేజర్లు మిగిలిన వాటా అమ్మేశారు, శుక్రవారం ప్రకటన" అని మెసేజ్ వచ్చింది. శుక్రవారం గడిచింది, ఏమీ లేదు. సోమవారానికి ఆ మెసేజే గ్రూపులో లేదు. మోసం బయటపడింది మాత్రం మెహదీపట్నంలో ఉండే నా ఫ్రెండ్ వల్ల. అతను వీళ్లే నడిపే 499 రూపాయల ఇంకో గ్రూపులో ఉన్నాడు. అదే రోజు వాళ్లకు "గ్లేజర్లు అమ్మరు, చర్చలు ఆగిపోయాయి" అని పంపారు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూశాం. రాసింది ఒకే అడ్మిన్. ఏది తప్పైతే అది తీసేస్తాడు, ఏది నిజమైతే దాని స్క్రీన్‌షాట్ చూపించి కొత్తవాళ్లను చేర్చుకుంటాడు. మిగతా వార్తలన్నీ పేరున్న జర్నలిస్టులు ఉచితంగా పెట్టినవే, గంటా రెండు గంటల తర్వాత "మా సోర్స్" అని తగిలించి పెడుతున్నాడు.

2023 జూన్ గుర్తుచేసుకుని ఉంటే మేం ఆగేవాళ్లమేమో. క్లబ్‌ను కొనడానికి పోటీపడిన ఖతార్ షేక్ జాసిమ్‌కే అది దక్కిందని అప్పుడు ఒక ఖతార్ పత్రిక రాసింది. షేర్ ధర ఎగిరింది, మనం సంబరపడ్డాం. అక్టోబర్‌లో ఆయన తప్పుకున్నాడు. డిసెంబర్ 24న బ్రిటన్ వ్యాపారవేత్త జిమ్ రాట్‌క్లిఫ్ నాలుగో వంతు వాటా తీసుకుంటున్నట్టు క్లబ్ ప్రకటించింది. పత్రికలే అంత తప్పు రాసిన చోట, గచ్చిబౌలిలో కూర్చున్న వాడికి ఏం తెలుస్తుంది?

క్లబ్ షేర్లు 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్నాయి. వాటా చేతులు మారేంత పెద్ద సంగతైతే అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి పత్రాలు ఇవ్వాలి. అవి ఆ సంస్థ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఒక్క రూపాయి కట్టకుండా చదవొచ్చు. అప్పు ఎంతుందో క్లబ్ విడుదల చేసే లెక్కల్లోనే ఉంటుంది.

ఇంకో సంగతి. ఆ గ్రూపు వాళ్లే ఆకుపచ్చ, బంగారు రంగు స్కార్ఫ్ 799 రూపాయలకు అమ్మారు. 2010లో అభిమానులు నిరసనగా కట్టుకున్నవి ఆ రంగులే. న్యూటన్ హీత్ పేరుతో క్లబ్ మొదలైనప్పటి రంగులు కాబట్టి మనకు అవంటే గౌరవం. వచ్చిన డబ్బు మాంచెస్టర్‌లో పోరాడుతున్న అభిమానుల సంఘానికి పంపుతామన్నారు. పంపిన రసీదు అడిగితే మాట దాటేశారు. స్కార్ఫూ రాలేదు. డబ్బు వెనక్కి ఇమ్మంటే నలుగురినీ బ్లాక్ చేశారు.

డబ్బు తీసుకున్నది ఎవరో వ్యక్తి పేరు మీదున్న యూపీఐకి. బిల్లు లేదు. అప్పుడే అనుమానించాల్సింది. మేం సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్క్రీన్‌షాట్లు, యూపీఐ లావాదేవీ నంబర్లతో ఫిర్యాదు చేశాం. నంబర్ ఇచ్చారు, డబ్బు ఇంకా రాలేదు. మీరు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. చాట్ మాత్రం డిలీట్ చేయకండి. గ్రూపులోంచి బయటికి వచ్చే ముందే అన్నీ సేవ్ చేసుకోండి.

ఆ గ్రూపు పేరు మారింది. ఫొటో మారింది. శుక్రవారం ప్రకటన అన్న మెసేజ్ మాత్రం మొన్న మళ్లీ వచ్చిందని తార్నాక నుంచి ఒక తమ్ముడు పంపాడు. మీకూ వస్తే ఇక్కడ పెట్టండి.