పెళ్లి బొంతకు గుడ్డలు: బరంపురంలో ఒక పాత దుకాణం

బొంత కుట్టడం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న నేను, మా మేనకోడలి పెళ్లి కానుకకు ‘డబుల్ వెడ్డింగ్ రింగ్’ నమూనాను ఎంచుకుని, కావలసిన గుడ్డంతా ఒడిశాలోని బరంపురం బజారులో ఉన్న ఒక పాత దుకాణంలో కొన్నాను. అమెరికాలో 1930లలో బాగా వ్యాప్తిలోకి వచ్చిన ఈ నమూనాలో, ఒకదానితో ఒకటి పెనవేసుకున్న ఉంగరాలన్నీ చిన్న చిన్న ముక్కలతో కూర్చిన వంపులే కనుక, అంచు నుంచి పావు అంగుళం దూరంలో వేసే కుట్టు ఎక్కడ కొంచెం తప్పినా ఉంగరాలు కలవవు. ఏటవాలుగా కత్తిరించిన అంచులు సాగిపోతాయి కూడా.

తెలుగులోనే ఓపికగా మాట్లాడే దుకాణం పెద్దాయన, బరంపురం పట్టు ముక్కలు కలపాలన్న నా కోరికను వెంటనే ఒప్పుకోలేదు. పట్టు జారుతుందని, నూలుతో పాటు ఉతుకుకు ఆగదని, తప్పదనుకుంటే ఇస్త్రీతో అతుక్కునే పలుచని గుడ్డను వెనుక వేసుకోవాలని వివరించి, అమ్మకం పోగొట్టుకోవడానికే సిద్ధపడ్డారు. ఇటువంటి వ్యాపారి అరుదు.

నూలు గుడ్డ నేత దగ్గరగా ఉండి, కత్తెరకు చక్కగా లొంగింది. పావు మీటరు అడిగినా విసుక్కోకుండా కోసి ఇస్తారు. అయితే ముదురు ఎరుపు గుడ్డ నీళ్లలో వేయగానే రంగు వదిలింది; ఆ మాట ముందే చెప్పవలసింది. లోపల పరచడానికి పరుపుల దూది తప్ప పలుచని పత్తి పొర వీరి దగ్గర లేదు. అందుకని, మన పెద్దవాళ్ల పద్ధతిలోనే, మెత్తబడిన నూలు చీరను పరిచాను. వేసవి ముహూర్తానికి నిజానికి అదే నయం.

పెళ్లిళ్ల కాలంలో సాయంత్రాలు రద్దీ ఎక్కువ కనుక, ముక్కలు కోయించుకునేవారు ఉదయమే వెళ్లడం మంచిది.