ఫొటోరెక్: ఫైలు పేరు పోయిన చోట మిగిలే ఆ అంకె

చెరిగిపోయిన ఫైళ్లను వెతికి తీసిచ్చే ప్రోగ్రామ్ ఫొటోరెక్. దాని గురించి ఎవరిని అడిగినా ముందు చెప్పే ఫిర్యాదు ఒకటే: ఫైళ్లు వస్తాయి కానీ పేర్లు రావు. పేరు ఉండాల్సిన చోట ఎఫ్ అనే అక్షరం, దాని పక్కన పొడవాటి అంకె ఉంటాయి. మొదటి రోజు నేనూ ఆ అంకెలు చూసి తల పట్టుకుని కూర్చున్నాను. నాలుగేళ్లు వాడాక ఈ ప్రోగ్రామ్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఆ అంకే. అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను. ఎలా దింపుకోవాలి, ఏ బటన్ నొక్కాలి అన్నవి చాలా చోట్ల ఉన్నాయి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు అటు కలిసింది, పక్కనున్న పాతపట్నం ఆంధ్రాలో ఉండిపోయింది. మా వాళ్లలో చాలామంది పిల్లలు ఒడియా మీడియంలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. ఊడుపు పాటలు, దంపుడు పాటలు, నలుగు పాటలు తెలిసిన ముసలమ్మలు ఒక్కొక్కరూ వెళ్లిపోతుంటే చూడలేక ఒక చిన్న వాయిస్ రికార్డర్ కొన్నాను. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం చుట్టుపక్కల తిరిగి సెలవు రోజుల్లో రికార్డు చేసేవాడిని. నెలకోసారి వాటిని 32 జీబీ పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక్కో ఫైలుకూ తెలుగులో పేరు పెట్టేవాడిని: పాట, పాడినామె పేరు, ఊరు. గిడుగు రామమూర్తి గారు సవరల మాట నేర్చుకుని నిఘంటువు కూర్చింది ఈ ఊళ్లో ఉండగానే. ఏ మాట ఎవరి నోట, ఏ ఊళ్లో విన్నామో రాసి పెట్టుకోకపోతే ఆ మాటకి సగం విలువ పోతుందని నా నమ్మకం. కాబట్టి నాకు ఆ ఫైలు పేర్లంటే పాటలతో సమానం.

మొత్తం 214 రికార్డింగులు. లాప్‌టాప్‌లో చోటు లేక పాతవి అందులోంచి తీసేశాను. ఆ పెన్ డ్రైవ్ తప్ప ఇంకో కాపీ లేదు. ఇది పూర్తిగా నా తప్పే.

ఒకరోజు ప్రింట్ కోసం ఒక జిరాక్స్ షాపులో పెన్ డ్రైవ్ ఇచ్చాను. కాపీ అవుతుండగానే అక్కడి కుర్రాడు లాగేశాడు. మళ్లీ పెడితే, వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలని విండోస్ అడిగింది. నేను నోరు తెరిచేలోపే అతను సరే నొక్కేశాడు. అంతటితో ఆగలేదు. ‘పని చేస్తోంది సార్, చూడండి’ అంటూ దాదాపు 1.4 జీబీ ఉన్న ఒక సినిమా అందులోకి ఎక్కించి, ఆడించి మరీ చూపించాడు. అతని మీద కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఇంటికొస్తే నా ముఖం చూసి మా ఆవిడ, ‘ఏటైపోనాది?’ అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

డబ్బు కట్టి కొనే సాఫ్ట్‌వేర్ ఒకటి ముందు ప్రయత్నించాను. ట్రయల్‌లో ఆ సినిమా పేరు తప్ప ఏమీ చూపించలేదు. మా మేనల్లుడు ఫోన్‌లో, ‘మామయ్యా, ఆ పెన్ డ్రైవ్‌లో ఇంకేమీ ఎక్కించకు, ఫొటోరెక్ పెట్టి చూడు, అది పేర్ల పట్టీని నమ్ముకోదు’ అన్నాడు. తర్వాత అర్థమైంది ఆ మాట. క్విక్ ఫార్మాట్‌లో పాటలు చెరిగిపోవు, ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న పట్టీ చెరిగిపోతుంది. మామూలు ప్రోగ్రాములు ఆ పట్టీలో మిగిలిన ముక్కల్ని వెతుకుతాయి. ఫొటోరెక్ దాన్ని పక్కన పెట్టి, డ్రైవ్‌ని మొదటి నుంచి చివరి దాకా చదువుతూ ఫైళ్ల మొదట్లో ఉండే గుర్తుల్ని పట్టుకుంటుంది. నా రికార్డింగుల్లాంటి వేవ్ ఆడియో ఫైలు అయితే ‘రిఫ్’ అనే నాలుగు అక్షరాలతో మొదలవుతుంది, ఆ వెంటనే ఫైలు సైజు రాసి ఉంటుంది. అక్కడి నుంచి అంత మేరా కోసి ఇచ్చేస్తుంది. (ఫైళ్ల రకాల జాబితాలో వేవ్ కోసం వెతికి వెతికి, లేదనుకుని భయపడ్డాను. అది రిఫ్ అనే పేరు కింద ఉంటుంది.)

నల్ల స్క్రీన్, బాణం గుర్తుల కీలు. మౌస్‌తో నడిచే క్యూఫొటోరెక్ కూడా దాంతోపాటే వస్తుంది, అప్పటికి నాకు తెలియదు. దొరికినవి వేరే హార్డ్ డిస్క్‌లోకి పంపించాను. ముప్పావు గంట పట్టింది. దొరికిన ఫైళ్ల లెక్క ఒక్కొక్కటీ పెరుగుతుంటే కుర్చీలోంచి లేవలేదు. చివరికి 203 దగ్గర ఆగింది.

సంతోషం ఎంతోసేపు లేదు. ఫోల్డర్ తెరిస్తే 203 అంకెలు. ఒకటి తెరిచాను, ఎవరో జోల పాడుతున్నారు. ఎవరు? ఏ ఊరు? మూడేళ్ల కిందటి గొంతు గుర్తుపట్టలేకపోయాను. ఫైళ్ల తేదీలు కూడా ఆ రోజువే. మొత్తం నలభై గంటల రికార్డింగులు. అన్నీ విని గుర్తుపట్టాలంటే ఎన్ని నెలలు పడుతుందో అనుకుంటూ పడుకున్నాను.

తెల్లవారుజామున ఆ అంకెల్ని మళ్లీ చూశాను. ఒక ఫైలు ఎఫ్ 4001792. తర్వాతది ఎఫ్ 4229184. రెంటికీ తేడా 227392. మొదటి ఫైలు నిడివి సరిగ్గా 11 నిమిషాలు. ఇంకో రెండు జతలు తీసి లెక్క వేశాను. ఎటు చూసినా నిమిషానికి 20,670 చొప్పున తేలుతోంది. ఆ అంకె ప్రోగ్రామ్ తన ఇష్టం వచ్చినట్టు పెట్టిన వరుస నంబరు కాదు. డ్రైవ్‌లో ఆ ఫైలు ఏ సెక్టార్ దగ్గర మొదలైందో ఆ చిరునామా. సెక్టార్ అంటే డ్రైవ్‌లో ఒక చిన్న గడి, ఒక్కోటీ 512 బైట్లు. నా రికార్డర్ స్టీరియోలో, సీడీ నాణ్యతలో నిమిషానికి కోటి బైట్లకు కొంచెం పైన రాస్తుంది. 512తో భాగిస్తే ఆ 20,670 వస్తుంది.

కొత్త పెన్ డ్రైవ్‌లోకి ఫైళ్లు ఎక్కించిన వరుసలోనే పక్కపక్కన చేరతాయి. తర్వాత పేరు మార్చినా పాట ఉన్న చోటు మారదు. అంటే అంకెల వరుసే నేను రికార్డు చేసిన వరుస. నా దగ్గర ఒక నోటు పుస్తకం ఉంది. తేదీ, ఊరు, మనిషి, పాట, ఎన్ని నిమిషాలు అన్నీ అందులో రాసేవాడిని. పుస్తకం ఒక పక్క, ఫైళ్ల జాబితా ఒక పక్క పెట్టుకుని వరుసగా సరిపోల్చుకుంటూ పోయాను. నిడివి కలిస్తే టిక్కు. ఆ ఆదివారం రాత్రికి 186 ఫైళ్లకు వాటి పేర్లు మళ్లీ పెట్టాను. ఒక్కో పేరు టైప్ చేస్తుంటే ఆ వాకిలి, ఆ మనిషి కళ్లముందుకు వచ్చారు. ఆ రోజు ఈ ప్రోగ్రామ్ రాసిన క్రిస్టోఫ్ గ్రెనియే గారికి మనసులోనే దండం పెట్టుకున్నాను. దీని తోడు ప్రోగ్రామ్ టెస్ట్‌డిస్క్ కూడా ఆయనదే. రెండూ ఉచితమే.

ఇక మిగిలిన వాటి సంగతి చెప్పాలి. ఒక నెలలో సరిగ్గా రాని రికార్డింగులు కొన్ని చెరిపేసి కొత్తవి ఎక్కించాను. ఆ ఖాళీల్లోకి తర్వాతి ఫైళ్లు ముక్కలుగా వెళ్లినట్టున్నాయి. అక్కడ వరుస తప్పింది. అంతకంటే బాధ కలిగించింది ఇంకొకటి. ఫైలు ఒకే చోట వరుసగా ఉందనే నమ్మకం మీద ఫొటోరెక్ కోస్తుంది. రెండు చోట్ల ఉన్న ఫైలైతే మధ్యలో వేరేది వచ్చి కలుస్తుంది. ఒక జోలపాటలో నాలుగో నిమిషం దగ్గర ఉన్నట్టుండి వేరే ఊరి ఊడుపు పాట మొదలవుతుంది. అలాంటివి మూడు వచ్చాయి. వరుసకు అందని 17 ఫైళ్లలో 13 విని గుర్తుపట్టాను.

దొరకని పదకొండు ఏవి? పుస్తకంలో మొదటి పదకొండు. ఫార్మాట్ అయిన డ్రైవ్‌లోకి కొత్త ఫైలు మొదటి నుంచి చేరుతుంది కాబట్టి, ఆ సినిమా వచ్చి సరిగ్గా నా తొలి రికార్డింగుల మీద కూర్చుంది. నేను మొదట రికార్డు చేసింది మా మామ్మని. రికార్డర్ కొన్న వారం మా ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి పాడించాను. ఆ మరుసటి ఏడాది ఆవిడ పోయారు.

ఇక్కడ కూడా ఆ అంకే దారి చూపింది. దొరికిన వాటిలో అన్నిటికంటే ముందున్న ఫైలు ఎఫ్ 2867200. సినిమా సైజు చూస్తే అంతకు చాలా ముందే అయిపోవాలి. మధ్యలో లక్షకు పైగా సెక్టార్లు మిగులుతున్నాయి. అంటే దాదాపు ఐదు నిమిషాలు. పుస్తకంలో పదకొండోది మామ్మ పాడిన దంపుడు పాట, తొమ్మిది నిమిషాలు. పాట మొదటి సగం మీద సినిమా తోక పడింది, రెండో సగం అలాగే ఉంది. ఫైలు మొదట్లో ఉండే రిఫ్ గుర్తు పోయింది కాబట్టి ఫొటోరెక్‌కి అది కనిపించదు. టెస్ట్‌డిస్క్‌తో పెన్ డ్రైవ్ మొత్తాన్ని ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే ఉన్నది ఉన్నట్టు కాపీగా తీసి, ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రామ్‌లో రా డేటాగా (ఫైలు గుర్తులేవీ చూడకుండా ఉత్త బైట్లుగా) తెరిచాను. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో బైట్లలో అడుగుతుంది. సెక్టార్ అంకెను 512తో గుణించి ఇచ్చాను. 16 బిట్, స్టీరియో, 44,100 అని ఎంచుకున్నాను. మొదట కాసేపు చెవులు పగిలే మోత, అది సినిమా ముక్క. ఆ తర్వాత రోకటి చప్పుడు, దాని మీద మామ్మ గొంతు. ఐదు నిమిషాలకు కొంచెం పైన. మా నాన్నగారిని పిలిచి వినిపించాను. అయ్యేదాకా ఆయన ఏమీ మాట్లాడలేదు. అయ్యాక మళ్లీ వెయ్యమన్నారు.

అప్పటి నుంచి నేను పనిచేసే స్కూల్లో, బంధువుల్లో ఎవరి పెన్ డ్రైవ్ పాడైనా నా దగ్గరికే తెస్తున్నారు. అందరికీ నా అంత మేలు జరగలేదు. మేనల్లుడి కెమెరా కార్డులో ఫొటోలు బాగానే వచ్చాయి, పొడుగు వీడియోలు చాలావరకు ఆడలేదు. మా సహోద్యోగి లాప్‌టాప్‌లో ఎస్ఎస్‌డి (హార్డ్ డిస్క్‌కు బదులు వాడే చిప్ డిస్క్) ఉంది. పొరపాటున చెరిపేసిన ఫొటోలు ఒక్కటీ రాలేదు. చాలా ఎస్ఎస్‌డిల్లో ఫైలు చెరిపితే ట్రిమ్ అనే పద్ధతి వల్ల ఆ చోటు తుడిచిపెట్టుకుపోతుంది. ఆవిడకి ఆ విషయం చెప్పడం చాలా కష్టంగా అనిపించింది. ఎన్నో ఏళ్లు చెరుపుతూ రాస్తూ వాడిన హార్డ్ డిస్క్‌లో నేను పైన చెప్పిన వరుస లెక్క పనికిరాదు. అక్కడ అంకె ఉత్త అంకెగానే మిగులుతుంది.

ఇంకో సంగతి. ఇప్పుడు నేను ముందు ఫొటోరెక్ పెట్టను. పట్టీలు పూర్తిగా చెడకపోతే టెస్ట్‌డిస్క్ పేర్లతో సహా తీసిస్తుంది. ఇంకో మాస్టారి పెన్ డ్రైవ్‌లో అలాగే ఫోల్డర్లన్నీ వచ్చాయి. నేను అన్నీ ఫోల్డర్లు లేకుండా ఒకే చోట పడేశాను. ఊరికో ఫోల్డర్ పెట్టి ఉంటే, ఆ ఫోల్డర్ల పట్టీలు పాటల మధ్యే ఉంటాయి కాబట్టి కొన్ని పేర్లైనా దొరికేవేమో. డ్రైవ్‌లో తప్పులు సరిచేసే విండోస్ చెక్‌డిస్క్ జోలికి మాత్రం ముందుగా వెళ్లొద్దు. సరిచేసేటప్పుడు అది ఆ డ్రైవ్ మీదే రాస్తుంది. ఫొటోరెక్ అయితే పాడైన డ్రైవ్‌ని చదువుతుంది తప్ప దాని మీద ఏమీ రాయదు. దొరికినవి మీరే మళ్లీ అదే డ్రైవ్‌లోకి పంపకుండా చూసుకుంటే చాలు.

వాడమంటారా అంటే, నాలాంటి వాళ్లైతే తప్పకుండా వాడమంటాను. అంటే పెద్దగా చెరపకుండా వరుసగా నింపిన పెన్ డ్రైవో, కార్డో ఉండాలి. ఏది ఎప్పుడు ఎక్కించారో రాసుకున్న పుస్తకం ఉండాలి. ఒక ఆదివారం కూర్చునే ఓపిక ఉండాలి. పుస్తకం లేకపోతే ఆ 203 ఫైళ్లు నాకు ఎంతవరకు ఉపయోగపడేవో చెప్పలేను. డ్రైవ్ నుంచి టిక్కుటిక్కుమని చప్పుడొస్తున్నా, కంప్యూటర్‌కి అసలు కనిపించకపోయినా ఇది పనికొచ్చేది కాదు, అది తెలిసిన వాళ్ల చేతికివ్వాల్సిందే.

నాలుగు ఫైళ్లకు ఇంకా పేరు దొరకలేదు. ఒకదాంట్లో వెనక రైలు కూత వినిపిస్తుంది, కాబట్టి గుణుపురం లైను పక్కనున్న ఊరే అయి ఉంటుంది. మరో రెంటిలో పాడింది ఒకే మనిషి. నాలుగూ ఫోన్‌లో వేసుకున్నాను. ఊడుపుల సమయానికి కాశీనగరం వైపు వెళ్లి, గట్ల మీద కూర్చున్న వాళ్లకు వినిపించి, ఈ గొంతు ఎవరిదమ్మా అని అడగాలి.